జీడిమామిడికి పేరు పెట్టినట్టు

మా అప్ప కూతురు మందసలో ఉంటుంది. విశాఖపట్నంలో డిగ్రీ చదువుతూ ఫ్రెంచి నేర్చుకుంది. పెళ్లయ్యాక ఊరికి తిరిగొచ్చి, ఇంట్లోనే కూర్చుని ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు అనువాదాలు చేస్తోంది. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత అనువాదాల్లో పడ్డవాణ్ని. అందుకే ఎక్కడైనా మాట అడ్డం పడితే నాకు ఫోన్ చేస్తుంది.

ఒక సాయంత్రం చేసింది. "మావయ్యా, 'క్లాస్ ఫ్లెక్సిబ్ల్' అని ఒక మాటొచ్చింది. 'ఫ్లెక్సిబుల్ క్లాస్' అని రాసీసేను. రెండూ ఇంగ్లీషు మాటలే. కానీ ఎందుకో మనసొప్పడం నేదు" అంది.

నేను జవాబు చెప్పలేదు. ఒక ప్రశ్న అడిగాను. "ఆ గది ఎలగుంటదో నాకు సెప్పమ్మా. ఫ్రెంచిలో వద్దు, ఇంగ్లీషులో వద్దు. మీ అమ్మకి సెప్పినట్టు సెప్పు."

కాసేపు అటునుంచి మాట లేదు. "మళ్లీ సదివి సెప్తాను" అని ఫోన్ పెట్టేసింది. అరగంటకి మళ్లీ చేసింది. ఈసారి గొంతులో తడబాటు లేదు. "అందరికీ ఒకే రకం బల్లలుండవు మావయ్యా. కొందరు సాపల మీద కూకుంటారు. కొందరు ఎత్తు బల్ల కాడ నిలబడి రాస్తారు. కొందరు పీటల మీద, కొందరు గోడకి సేరబడి దిళ్ల మీద. ఏ పని సేస్తన్నారో దాన్ని బట్టి సోటు మార్సుకుంటారు. పంతులికి ముందర కుర్చీ ఉండదు, పిల్లల మజ్జిన తిరుగుతుంటాడు."

ఆ ఫ్రెంచి మాట ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇంగ్లీషు మాట దొరకడానికి ఇంకో గంట పట్టింది. ఆ గంటలో ఏం చేయాలో ఈ అధ్యాయంలో చెబుతాను. కానీ ముందటి అరగంటే అసలైనది. పలాసలోనో టెక్కలిలోనో కూర్చుని అనువాదం నేర్చుకుంటున్న పిల్లలు చాలామంది ఒక భయంతో నా దగ్గరికి వస్తారు. తమ తెలుగు, అందులోనూ మన ఉద్దానం ప్రాంతపు తెలుగు, ఈ పనికి అడ్డమని వాళ్ల భయం. నేను దానికి పూర్తిగా ఎదురు చెబుతాను. ఇంటి తెలుగులో అమ్మకు చెప్పలేని ఫ్రెంచి మాట మీకు ఇంకా అర్థం కాలేదని లెక్క. అర్థం కాని మాటను ఎన్ని నిఘంటువులు తిరగేసినా సరిగ్గా దించలేరు.

మాట వెనక గది

'ఫ్లెక్సిబుల్ క్లాస్' ఎందుకు తప్పో చూద్దాం. ఫ్రెంచిలో 'క్లాస్' చాలా బరువు మోస్తుంది. పిల్లల గుంపు క్లాసే, వాళ్లు చదివే తరగతి క్లాసే, పాఠం క్లాసే, గది కూడా క్లాసే. ఇంగ్లీషులో గుంపుకీ పాఠానికీ 'క్లాస్' సరిపోతుంది కానీ గదికి చాలదు, 'క్లాస్‌రూమ్' అనాలి. ఇంగ్లీషు చదివేవాళ్లు 'ఫ్లెక్సిబుల్ క్లాస్' అని చూడగానే ఇష్టమైన వేళకు హాజరు కాగలిగే తరగతి అనుకుంటారు. మనం చెప్పదలిచింది చోటు గురించి, వాళ్లు విన్నది వేళ గురించి. అక్షరాలు ఒకటే అయినా అర్థం ఇంకో ఊరికి పోయింది.

ఇంగ్లీషులో ఈ సంగతికి వాడుకలో ఉన్న మాట 'ఫ్లెక్సిబుల్ సీటింగ్'. అమెరికా టీచర్ల నోట ఎక్కువగా వినబడేది ఇదే. అయినా దాన్ని కళ్లు మూసుకుని ప్రతిచోటా పెట్టకూడదు. 'సీటింగ్' అంటే కుర్చీల దగ్గర ఆగిపోతుంది. ఫ్రాన్సులోనూ కెనడాలోని కెబెక్‌లోనూ టీచర్లు 'క్లాస్ ఫ్లెక్సిబ్ల్' అన్నప్పుడు చాలాసార్లు కూర్చునే తీరుతో పాటు పని పంచుకునే తీరు, పిల్లలకిచ్చే స్వేచ్ఛ కూడా అందులో కలిసి ఉంటాయి. వాక్యం దిళ్లూ పీటలూ బల్లల ఎత్తుల గురించైతే 'ఫ్లెక్సిబుల్ సీటింగ్'. మొత్తం తరగతి నడిచే పద్ధతి గురించైతే 'ఫ్లెక్సిబుల్ క్లాస్‌రూమ్'. చదివేవాళ్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లయితే 'ఫ్లెక్సిబుల్ లెర్నింగ్ స్పేస్' వాళ్లకు చెవికి అలవాటైన మాట. ఒకే ఫ్రెంచి మాటకు ఒకే పత్రంలో రెండు ఇంగ్లీషు మాటలు రావచ్చు. అది నిలకడలేనితనం అవుతుందేమోనని కొత్తవాళ్లు భయపడతారు. ఎక్కడ ఏది ఎందుకు పెట్టామో మనకు తెలిసినంతవరకు భయం అక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఊరిస్తుంది: 'ఓపెన్ క్లాస్‌రూమ్'. వినడానికి బాగుంటుంది, కానీ వాడకండి. దానికి వేరే చరిత్ర ఉంది. 1960, 70 దశకాల్లో బ్రిటన్, అమెరికా బడుల్లో గోడలు తీసేసి రెండు మూడు తరగతుల్ని ఒకే హాల్లో కలిపి నడిపిన ప్రయోగాలకు ఆ పేరు అంటుకుపోయింది. బ్రిటన్‌లో 1967 నాటి ప్లౌడెన్ నివేదిక కాలం అది. అలాంటి మాటను తెచ్చి పెడితే, చదివేవాళ్లకు మన పత్రంలో లేని పాత తగాదాలన్నీ గుర్తుకొస్తాయి.

బడి గదుల గురించిన ఫ్రెంచి మాటలు కొన్ని పైకి చాలా తేలిగ్గా కనబడతాయి. అవే ముంచుతాయి. బల్లలన్నీ వరసల్లో పంతులి వైపు తిరిగి ఉండే మామూలు తరగతిని ఫ్రెంచి టీచర్లు 'ఆన్ ఒతోబ్యూస్' అంటారు. అంటే బస్సులో సీట్ల లాగా. కాశీబుగ్గ కాంప్లెక్సులో బస్సెక్కిన వాళ్లెవరికైనా ఆ పోలిక వెంటనే తడుతుంది. అందరి ముఖాలూ ముందుకే, వెనకవాళ్లకు ముందువాళ్ల తలలే. అయితే ఇంగ్లీషు వాళ్లు తరగతిని బస్సుతో పోల్చరు. వాళ్లు 'ఇన్ రోస్' అని ఊరుకుంటారు, అంటే వరసల్లో. బస్సుని అలాగే దించితే పిల్లల్ని బస్సులో కూర్చోబెట్టి పాఠం చెప్పారనుకుంటారు. పోలిక పోతుందని బాధ కలుగుతుంది. నాకూ కలుగుతుంది. కానీ పత్రం రాసినవాడు అక్కడ కవిత్వం కోసం ఆ మాట వాడలేదు. అతనికి అది అరిగిపోయిన వాడుక మాట. వాడుక మాటకు వాడుక మాటే సరి.

నాలుగైదు బల్లలు కలిపి, పిల్లలు ఎదురెదురుగా కూర్చునే పద్ధతిని 'ఆన్ నీలో' అంటారు. నీలో అంటే ఇలో, చిన్న దీవి. ముందున్న మాటలోని నకారం వచ్చి దానికి అతుక్కుంది. దీవి అని దించకండి. ఇంగ్లీషు టీచర్లు 'క్లస్టర్స్' అంటారు, 'పాడ్స్' అంటారు, లేదా 'గ్రూప్స్' అని సరిపెడతారు.

చెట్టును చూసి పేరు

ఇప్పుడు మన చెట్టు దగ్గరికి వద్దాం. ఈ అధ్యాయానికి పేరిచ్చింది అదే.

పోర్చుగీసు వాళ్లు బ్రెజిల్ నుంచి ఒక చెట్టు తెచ్చి 16వ శతాబ్దంలో మన దేశపు తీరంలో నాటారు. బ్రెజిల్ తుపీ జాతి వాళ్లు దాన్ని 'అకాజు' అనేవారు. పోర్చుగీసు వాళ్లు 'కాజు' అన్నారు. ఫ్రెంచి వాళ్లు 'కజూ' అన్నారు, ఇంగ్లీషు వాళ్లు 'క్యాషూ' అన్నారు, హిందీలో 'కాజూ' అయింది. వీళ్లంతా శబ్దాన్ని పట్టుకున్నారు. మనవాళ్లు మాత్రం చెట్టు దగ్గరికి వెళ్లి చూశారు. దాని పిక్క మీది రసం చేతికి తగిలితే తోలు ఊడుతుంది. అలా కాల్చే గింజ మన అడవుల్లో అప్పటికే ఒకటి ఉంది: బట్టల మీద చాకలి గుర్తులు పెట్టే నల్లజీడి. చెట్టు, ఆకు, పూత, వాసన చూస్తే మామిడికి చుట్టంలా ఉంది. రెండూ కలిపి 'జీడిమామిడి' అన్నారు. ఇంకొన్ని చోట్ల కాయ ఆకారం చూసి 'ముంతమామిడి' అన్నారు.

వృక్షశాస్త్రం ప్రకారం నల్లజీడి, జీడిమామిడి, మామిడి మూడూ ఒకే కుటుంబం. ఆ పేరు పెట్టినవాళ్లెవరూ ఆ శాస్త్రం చదవలేదు. గింజను చేత్తో పట్టుకున్నారు, కాలింది, పోల్చుకున్నారు. ఈ రోజుకీ పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లు ఆ రసం అంటకుండా చేతులకు నూనె రాసుకుంటారు. పేరులోని జీడి వాళ్ల చేతుల మీద ఇంకా బతికే ఉంది.

నా మటుకు అనువాదంలో ఇంతకన్నా గొప్ప పాఠం ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు. కొత్త వస్తువొచ్చినప్పుడు రెండు దారులుంటాయి. శబ్దాన్ని తెచ్చుకోవడం ఒకటి, వస్తువుని చూసి మన దగ్గరున్న చుట్టంతో కలిపి పిలవడం ఇంకొకటి. రెండూ చెల్లుతాయి. అయితే దేన్ని ఎంచుకున్నా, ముందు వస్తువుని చేత్తో పట్టుకోవాలి.

పట్టుకోకుండా పేరు పెడితే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట టీచర్ల శిక్షణ పుస్తకం ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దించాను. 'ఫ్లెక్సిబుల్ సీటింగ్' అన్న చోట, నిఘంటువులు పక్కన పెట్టుకుని, 'సరళ ఆసన వ్యవస్థ' అని రాశాను. గంభీరంగా ఉందని సంతోషపడ్డాను కూడా. శిక్షణ రోజున సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ లేచి, "మాస్టారూ, ఈ ఆసనాలు పిల్లల చేత ఉదయం వేయించాలా, సాయంత్రమా?" అని అడిగింది. ఆమె యోగాసనాలనుకుంది. ఆమె తప్పేమీ లేదు. ఆమె చదివిన తెలుగులో ఆసనం అంటే అదే. ఆ పేజీ పెట్టుకుని వాళ్ల బడిలో ఒక్క బెంచీ కూడా జరగలేదు. 'పిల్లలు తమకు కుదిరిన చోట కూర్చునే తరగతి' అని రాసి ఉంటే అర్థమయ్యేది. పొడుగైతే అయింది. ఆ రోజు నుంచి నేను ఏ మాట దించినా, అది చదివి ఒక మనిషి ఏం చేస్తాడో ఊహించుకున్నాకే పేజీ తిప్పుతున్నాను.

మళ్లీ జీడి దగ్గరికి వద్దాం. జీడిపప్పు వ్యాపారంలో 'డబ్ల్యూ 320' అని ఒక రకం ఉంది. ఆ అంకె ధర కాదు, బస్తా నంబరు కాదు. ఒక పౌను తూకానికి, అంటే 454 గ్రాములకు, సుమారు 320 గుళ్లు తూగుతాయని కొనేవాడికి ఇచ్చే మాట. పలాసలో ఆ గుర్తు వేసి అమ్మితే ఎక్కడి కొనుగోలుదారుకైనా సంచీ విప్పకముందే లోపలి పప్పు సైజు తెలుస్తుంది. అనువాదంలో పెట్టే పదం కూడా ఇలాంటి గుర్తే. విప్పి చూస్తే లోపల అదే సరుకు ఉండాలి.

మద్రాసు నుంచి వెళ్లిన తరగతి

బడి గదుల మాటల్లో నన్ను ఎక్కువ కదిలించేది 'ఆన్సేన్యమాఁ మ్యుత్యుఎల్'. పరస్పర బోధన అని దాని అర్థం. ఒక్క పంతులు వందలమంది పిల్లల్ని నడిపించడానికి, ముందు నేర్చుకున్న పిల్లవాడు వెనకవాడికి నేర్పే ఏర్పాటు. గది మొత్తం గుంపులు గుంపులుగా ఉంటుంది. ఫ్రాన్సులో ఇది 1815లో ఊపందుకుంది. ఆ ఏడు ఏప్రిల్‌లో మంత్రి లజార్ కార్నో నెపోలియన్‌కు దీని మీద నివేదిక ఇచ్చాడు.

దీన్ని ఇంగ్లీషులోకి దించాలంటే 'మ్యూచువల్' అని వెతకనక్కర్లేదు. ఇంగ్లీషులో దాని పేరు 'మానిటోరియల్ సిస్టమ్'. ఇంకో పేరు 'మద్రాస్ సిస్టమ్'. అవును, మన మద్రాసే. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి 1789లో మద్రాసు ఎగ్మోర్‌లోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా చేరాడు. ఒక రోజు ఒక దేశవాళీ బడిలో పిల్లలు ఇసుకలో వేళ్లతో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలో టీచర్లు ఆ పని చేయమంటే మొరాయించారు. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాడొకణ్ని ముందుపెట్టి చిన్నపిల్లలకు నేర్పించాడు. 1797లో లండన్‌లో ఆ సంగతి పుస్తకంగా అచ్చు వేశాడు. జోసెఫ్ లాంకాస్టర్ అదే రోజుల్లో లండన్‌లో ఇలాంటి బడి నడిపాడు. అక్కణ్నించి ఆ పద్ధతి ఫ్రాన్సు చేరింది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో బెల్ విరాళంతో కట్టిన బడికి ఈ నాటికీ 'మద్రాస్ కాలేజ్' అనే పేరు.

మన వీధి బడిలో పెద్ద కుర్రాడు చిన్న కుర్రాడి వేలు పట్టి ఇసుకలో దిద్దించిన తీరు సముద్రాలు దాటి, ఫ్రెంచి పేరు పెట్టుకుని, మా మేనకోడలి కంప్యూటర్ తెర మీదికి తిరిగొచ్చింది. బారువ తీరపు ఇసుక చూస్తూ పెరిగిన పిల్లకు ఆ గది పరాయిది ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మాటకు వయసుంటుంది. 1815 నాటి ఫ్రెంచి పత్రమైతే 'మానిటోరియల్' సరిగ్గా సరిపోతుంది. కానీ పారిస్‌లో వాఁసాఁ ఫాయే అనే జీవశాస్త్ర ఉపాధ్యాయుడు ఈ మధ్య తన తరగతి గోడలన్నిటికీ రాత బల్లలు బిగించి, పిల్లలు ఒకరికొకరు నిలబడి చెప్పుకునేలా మార్చాడు. 2017లో దాని మీద పుస్తకం రాశాడు. ఆయన కూడా 'క్లాస్ మ్యుత్యుఎల్' అనే అంటాడు. దాన్ని 'మానిటోరియల్' అంటే, బారులు తీరి నిలబడ్డ వందలమంది పిల్లలూ గంటలూ ఆజ్ఞలూ ఉన్న పాత లండన్ బడి కళ్ల ముందుకొస్తుంది. ఇక్కడ 'పియర్ టీచింగ్' అన్న మాట తెచ్చి, ఆ గది ఎలా ఉంటుందో ఒక్క వాక్యంలో వర్ణించి, ఆ తర్వాత ఫ్రెంచి పేరే వాడుకోవడం మేలని నా తీర్పు. పత్రం మీది తేదీ చూడకుండా మాట ఎంచుకోవద్దు.

వీధి బడికి ఇంగ్లీషు దొరలు పెట్టిన పేరు కూడా తెలుసుకోదగ్గది. వాళ్లు 'పయల్ స్కూల్' అన్నారు. పయల్ అంటే అరుగు. పోర్చుగీసు మాట. అరుగు మీద కూర్చుని చదువుకునే పిల్లల్ని చూసి, అరుగుతోనే బడికి పేరు పెట్టారు. కూర్చునే చోటును బట్టి తరగతిని పిలవడం మనకు కొత్త కాదు, వాళ్లకూ కొత్త కాదు.

ఆ గంటలో చేయవలసినవి

గది అర్థమయ్యాక మాట వెతికే గంట గురించి చెబుతానన్నాను. ముందు కాగితం మీద ఆ గదిని గీయండి. బొమ్మ బాగుండాల్సిన పని లేదు. బల్లలు చతురస్రాలు, పిల్లలు చుక్కలు, పంతులు ఒక గుండ్రం. వాక్యంలో చెప్పిన ప్రతి వస్తువుకూ బొమ్మలో చోటు దొరకాలి. దొరకని వస్తువు ఉందంటే ఆ వాక్యం మీకింకా సగమే తెలిసింది.

తర్వాత పదకోశాలు. ఇవి ఉచితంగా దొరుకుతాయి. కెనడా ప్రభుత్వం నడిపే 'టెర్మియం ప్లస్'లో ఫ్రెంచి, ఇంగ్లీషు పదాలు పక్కపక్కన ఉంటాయి. కెబెక్ భాషా కార్యాలయం వాళ్ల పెద్ద పదకోశం ఉంది. యూరప్ సంఘం వాళ్ల 'ఐఏటీఈ' ఉంది. కెనడాలో ప్రభుత్వ పత్రాలు రెండు భాషల్లోనూ వస్తాయి కాబట్టి, బడులకు సంబంధించిన ఒకే సంగతిని అక్కడి వాళ్లు రెండు భాషల్లో ఎలా అన్నారో చూడొచ్చు. కానీ అక్కడితో ఆగొద్దు. పదకోశం మాటనిస్తుంది, అది నోళ్లలో ఉందో లేదో చెప్పదు.

అందుకు నేను చేసే పని ఒకటుంది. మా మేనకోడలికి నేర్పిందీ, మీకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేదీ ఇదే. మీరు ఎంచుకున్న ఇంగ్లీషు మాటను ఇంటర్నెట్‌లో బొమ్మల వెతుకులాటలో పెట్టండి. పక్క కిటికీలో ఫ్రెంచి మాట పెట్టండి. రెండు చోట్లా ఒకే గది కనబడుతోందా? 'ఫ్లెక్సిబుల్ సీటింగ్' అని కొడితే దిళ్లు, పీటలు, ఎత్తు బల్లలు కనబడతాయి. ఫ్రెంచి వైపు కూడా అవే. 'ఫ్లెక్సిబుల్ క్లాస్' అని కొడితే టైంటేబుళ్లూ వ్యాయామ తరగతులూ ఎదురవుతాయి. మాట అబద్ధమాడినా బొమ్మ ఆడదు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే స్నేహితులు లేని మనలాంటి వాళ్లకు ఇంతకన్నా నమ్మకమైన సాక్షి దొరకడం కష్టం.

ఆ తర్వాత పత్రం ఎవరిదో చూడండి. బల్లలమ్మే కంపెనీ జాబితాలో ఉన్న మాట, టీచర్ తన అనుభవం రాసుకున్న దాంట్లో ఉన్న మాట, పరిశోధకుడి వ్యాసంలో ఉన్న మాట ఒకటే కావచ్చు, దాని బరువు ఒకటి కాదు. సందేహం మిగిలితే పని ఇచ్చినవాళ్లకు రాయండి. "ఇక్కడ ఈ మాటకు మీరు గది ఏర్పాటు అంటున్నారా, బోధన పద్ధతి అంటున్నారా?" అని రెండు వాక్యాల్లో అడగండి. అడిగితే చిన్నతనమని మన పిల్లలు సిగ్గుపడతారు. ఇన్నేళ్లలో సూటిగా అడిగిన ప్రశ్నకు నా మీద విసుక్కున్నవాళ్లు లేరు.

మాట కుదిరిందని ఎలా తెలుస్తుంది? తమిళులు చేసింది చూడండి. కథ కేరళలో మొదలవుతుంది. 2025 జులై నాటికి అక్కడి బడులు కొన్ని, 'స్థానార్థి శ్రీకుట్టన్' అనే మలయాళ సినిమా చూసి, వెనక బెంచీ అనేది లేకుండా పిల్లల్ని గోడల వెంబడి కూర్చోబెట్టాయి. పత్రికలు ఇంగ్లీషులో 'యూ షేప్' అని రాశాయి. ఫ్రెంచి వాళ్లు కూడా దాన్ని 'ఆన్ యూ' అనే అంటారు. అదే నెలలో తమిళనాడు విద్యాశాఖ ఈ ఏర్పాటు ముచ్చట ఎత్తితే, తమిళంలో అది 'ప' ఆకారం అయిపోయింది. తమిళ 'ప' అక్షరం మూడు గీతలు, పైన తెరిచిన పెట్టె. ఒకటో తరగతి పిల్లవాడికి కూడా బల్లలు ఎలా పెట్టాలో ఆ ఒక్క అక్షరం చెప్పేస్తుంది. మన 'ప' కి ఆ పని చేతకాదు, దాని ఆకారం వేరు. మనకైతే 'లాడం ఆకారం' దగ్గరగా ఉంటుంది. గుర్రపు లాడం చూడని పిల్లలకు అదీ చాలకపోవచ్చు. తమిళుల మాట తమిళానికే కుదిరింది. మాట వినగానే ఎదుటివాడు లేచి వెళ్లి బల్ల సరైన చోటుకి జరిపితే, అది కుదిరినట్టు.

ఉద్దానం పిల్లలకు ఈ పని పుట్టుకతో వచ్చింది

ఇచ్ఛాపురం సంతలో కూరలమ్మే ముసలమ్మ ఒక నిమిషం ఒడియాలో బేరమాడి, మరుక్షణం తెలుగులో చిల్లర లెక్కపెడుతుంది. మందస కొండల మీద నుంచి దిగివచ్చే సవరలు సంతలో తెలుగు మాట్లాడి, తిరిగి వెళ్తూ తమ మాటలో కబుర్లు చెప్పుకుంటారు. ఇంట్లో ఒకటి, బజార్లో ఒకటి, బడిలో ఒకటి. ఈ అలవాటు మీద పెరిగిన పిల్లలు అనువాదానికి తాము పనికిరామనుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పాతపట్నం దాటితే వచ్చే పర్లాకిమిడిలో 1880లో ఒక కుర్ర మాస్టారు ఉద్యోగంలో చేరాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి. ఆయనకు సవర భాష నేర్చుకోవడానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. తెలుగు కూడా వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోట విని నేర్చుకున్నాడు. సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, ఆ తర్వాత సవర, ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. తెలుగులో బడి పిల్లలకు నోటి మాటే రాత మాట కావాలని పోరాడింది కూడా ఆ మాస్టారే. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నేను చెబుతున్న పద్ధతి నాది కాదు. మన పొరుగునే నూరేళ్లకు పైగా కిందట ఒక మాస్టారు చేసి చూపించినది.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీరు చదువుకున్న మొదటి బడి గదిని కాగితం మీద గీయండి. ఎవరు ఎక్కడ కూర్చునేవారు, బోర్డు ఎక్కడ ఉండేది, వానొస్తే ఎటు జరిగేవారు, అన్నీ. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరం మీద విరుచుకుపడిన తర్వాత చెట్ల కింద, పంచల్లో చదువుకున్నవాళ్లయితే ఆ చోటును గీయండి. దాన్ని మీ ఇంటి మాటల్లో పది వాక్యాలు రాయండి. ఆ తర్వాత ఇంగ్లీషులో రాయండి, మీకు ఫ్రెంచి వస్తే ఫ్రెంచిలో కూడా. రాయలేక ఆగిన ప్రతి చోటా గీత గీసుకోండి. మీరు నేర్చుకోవలసిన మాటలు అవే.

మా మేనకోడలు ఆ పత్రంలో నాలుగు చోట్ల 'ఫ్లెక్సిబుల్ సీటింగ్' అని, రెండు చోట్ల 'ఫ్లెక్సిబుల్ క్లాస్‌రూమ్' అని పెట్టి, ఎందుకలా చేసిందో మూడు వాక్యాల్లో రాసి పంపింది. పది రోజులకి పని ఇచ్చినవాళ్ల దగ్గర్నుంచి ఇంకో పత్రం వచ్చింది. అందులో 'క్లాస్ ఉనిక్' అనే మాట ఉంది. 'యూనిక్ క్లాస్' అని రాయడానికి చేయి వెళ్లే మాట అది. ఈసారి నాకు ఫోన్ రాలేదు. ఒకే గదిలో అయిదు తరగతులు, అందరికీ ఒక్కరే పంతులు. మందస మండలంలో ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదో తరగతి దాకా చదువుకున్న పిల్ల, 'సింగిల్ టీచర్ స్కూల్' అని రాసి పంపించేసింది.